మేడమెట్ల చెంత కుక్కతలుపు

ఇంటిలోనికి కుక్క యెంతవరకు రావచ్చునన్నది మనకు క్రొత్త ప్రశ్న కాదు. ఆదిపర్వమున జనమేజయుని కథలో తొలుతనే సరమ వృత్తాంతము వచ్చును. యాగభూమికి వచ్చిన ఆమె కుమారుని రాజు తమ్ములు కొట్టిరి. ఆ తల్లి రాజసన్నిధికి వచ్చి నిలదీసి, ఊహింపని భయములు కలుగునని చెప్పి పోయెను. తన బిడ్డ హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడనైన లేదు అని ఆమె వాదము. ఆ యాగశాలకు మన పూరిండ్ల గుమ్మములకు కట్టునట్టి వెదురుతడిక యొకటి యుండినచో ఈ కథయే పుట్టకుండెడిదేమో!

తడిక చేయు పనినే చెక్కడపు కొయ్యతో చేయించుకొన్నవారు ఇంగ్లండులోని ప్రభువులు. లండనునకు ఉత్తరముగా హాట్‌ఫీల్డ్ అను చోట రాబర్ట్ సెసిల్ కట్టించిన భవనము కలదు. ఈతడు మొదటి జేమ్స్ రాజునకు మంత్రి. 1607లో తన థియొబాల్డ్స్ భవనమును రాజున కిచ్చి, మారుగా హాట్‌ఫీల్డును పొందెను. క్రొత్త కట్టడము 1611 నాటికి పూర్తియయ్యెను. 1612లోనే యాతడు మరణించెను. పాపము, కట్టించిన యింట ఉండు యోగము కొద్దిపాటిదే. ఆ భవనపు పెద్దమెట్ల మొదట నేటికిని కొయ్యతలుపు లున్నవి. పై అంతస్తులోని రాచగదులకు కుక్కలు ఎక్కిపోకుండుటకై యమర్చిన ఈ తలుపులకు అచట కుక్కతలుపులనియే పేరు. సరే మండలములోని స్లైఫీల్డ్ మేనర్‌లో సైత మిట్టిది కలదు.

ఇవి ఆ కాలముననే యేల పుట్టినవి? అంతకుముందు దొరయు, సేవకులును, వేటకుక్కలును ఒకే పెద్దచావడిలో మెలగెడివారు. నేలపై రెల్లు పరచెడివారు. ఆ రెల్లు క్రింద ఉమ్మియు, ఎముకలును, కుక్కల మూత్రమును ఏండ్ల తరబడి పేరుకొనెడివని ఎరాస్మస్ పండితుడు ఒక లేఖలో ఏవగించుకొనెను. 1526లో ఎనిమిదవ హెన్రీ తన కొలువునకై చేసిన కట్టుబాట్లలో, స్త్రీల చిన్న స్పానియెల్ కుక్కలు తప్ప తక్కినవి ఆస్థానమున ఉండరాదని శాసించెను. కాని శాసనమును కుక్క చదువదు గదా!

పిమ్మట సంపన్నుల కాపురము చావడి విడిచి మేడ కెక్కెను. గోడల నడుమ చుట్లు తిరుగు వెనుకటి రాతిమెట్లకు ఒక తలుపు వేసిన చాలెడిది. క్రొత్తగా వచ్చిన వెడల్పైన కొయ్యమెట్లు నలుప్రక్కల తెరపిగా నుండెడివి. వానికి మామూలు తలుపు పొసగదు. కావున ఆ మెట్ల కొలతకే, ఆ కటకటాల తీరునకే సరిపడునట్లు వడ్రంగి వేరుగా తలుపు చేయవలసి వచ్చెను. హాట్‌ఫీల్డు మెట్ల స్తంభములపై బొమ్మలు చెక్కిన చోట, ఈ తలుపు మాత్రము మోటుగా నుండిన నెట్లొప్పును?

నేడు బెంగుళూరు, చెన్నపట్టణములలో స్థిరపడిన మన యిండ్లలోను ఈ పని మరల వచ్చినది. మనుమడు పెంచు కుక్కయు, మడి విడువని నాయనమ్మయు ఒకే యింట నున్నపుడు పూజగదికిని వంటింటికిని గుమ్మపు కొలత తీయించి చిన్నతలుపు పెట్టించుచున్నారు. చువ్వల నడుమ సందు కుక్క తల దూరనంత సన్నముగా నుండవలెను. మెట్లపైన అమర్చునది మెట్లమీదికి గాక లోపలివైపునకే తెరచుకొనవలెను. గోడల నడుమ ఒత్తిడితో నిలుచు రకము అచట పనికిరాదు, బందులతో గట్టిగా బిగించినదే కావలెను. పిల్లి సంగతి వేరు: అది యెట్టి తలుపునైనను దుమికి పోవును.