స్టార్టర్ పెట్టెలో రాయలసీమ

రాయలసీమ కరెంటు చరిత్ర అనగానే మెగావాట్లు గుర్తొస్తాయి. శ్రీశైలం కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు. ముద్దనూరు దగ్గర 1994లో మొదలైన థర్మల్ కేంద్రం. గని, శకునాల భూముల్లో 2017 నాటికి వెలసిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. ఇవన్నీ కరెంటు పుట్టే చోట్లు. అది ఖర్చయ్యే చోట ఏం జరిగిందో తెలియాలంటే మాత్రం చేనిగట్టున రాతికూసానికి బిగించిన స్టార్టర్ పెట్టె తలుపు తీసి చూడమంటాను నేను.

కర్నూలు, కడప జిల్లాల్లో కె.సి. కాలువ నీళ్ళు పారే ఊళ్ళు కొన్నే. మిగతాచోట్ల బావే దిక్కు. కపిల తోలినన్నాళ్ళూ ఎద్దుల ఓపికే నీళ్ళకి హద్దు. తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డు లైన్లు లాగాక కరెంటు మోటార్లు వచ్చాయి. బావులు అడుగంటి బోర్లు పడ్డాక మోటారే నీళ్ళలోకి దిగింది. ఈ సబ్‌మెర్సిబుల్ మోటారుని చల్లబరిచేది దాని చుట్టూ ఉండే నీళ్ళే. బోరు ఎండితే పైరుతోపాటు మోటారూ పోతుంది.

త్రీఫేజ్ మోటారు లేచేటప్పుడు మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. లేచాక కూడా ఓల్టేజీ పడిపోతే, అదే బరువు మోయడానికి ఎక్కువ కరెంటు కావాలి, చుట్ట వేడెక్కుతుంది. అప్పుడు ఆపేయడానికే పెట్టెలో ఓవర్‌లోడ్ రిలే పెట్టారు. కానీ లైను చివరి చేలల్లో ఓల్టేజీ ఎప్పుడూ తక్కువే, రిలే ఊరికే కొట్టేస్తూ ఉంటుంది. పైరు వాడిపోతుంటే దాని మాట వినేదెవరు? రిలేని తప్పించి తీగ కలిపేస్తారు. ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట నాలుగు పోగుల రాగి మెలిపెడతారు.

అర్ధరాత్రి కరెంటు మరో వస్తువుని తెచ్చింది: ‘ఆటో’. లైను రాగానే మోటారుని తనే వేసే చిన్న డబ్బా. పాములూ తేళ్ళూ తిరిగే గట్ల మీద టార్చిలైటుతో పోయే పని తప్పింది. కాకపోతే, కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఒక్కోటీ ఐదారు రెట్లు లాగితే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి? అది కాలిపోతే రైతులు చందాలేసుకుని ట్రాక్టర్‌లో రిపేరుకి మోసుకుపోవడం మామూలైంది.

కండెన్సర్‌ది ఇంకా విచిత్రమైన కథ. లైను మీద భారం తగ్గుతుంది, బిగించుకోండని డిపార్ట్‌మెంట్ చెప్పినంతకాలం దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇళ్ళ దీపాల కోసం వదిలే సింగిల్ ఫేజ్‌తో త్రీఫేజ్ మోటారు తిప్పడానికి మాత్రం అదే కండెన్సర్ పనికొచ్చింది.

పెట్టెలో లేని వస్తువులూ చరిత్రే చెబుతాయి. ఎన్టీఆర్ కాలంలో హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయల శ్లాబు వచ్చింది. ఇక మీటరుతో పనేముంది? పేరుపలక మీద 3, చుట్టలో 5 హార్స్‌పవర్ ఉన్న మోటార్లు వచ్చాయి. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద బషీర్‌బాగ్‌లో జరిగిన నిరసనలో కాల్పులు, 2004 మే 14న కడప జిల్లా ముఖ్యమంత్రి ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టిన తొలి సంతకం, ఇవి అందరికీ తెలిసినవే. ఉచితం బిల్లుని తీసేసింది. రాత్రి కరెంటునీ, తక్కువ ఓల్టేజీనీ, కాలే మోటార్లనీ తీసేయలేదు.

రైతుకి తెలివి లేక రిలే తీసేశాడని నేను అనుకోను. ఎవరికి వాళ్ళు చేసింది లెక్క ప్రకారం సరైనదే. ఆ సరైన పనులన్నీ కలిసి ఊరుమ్మడి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడ్డాయి. తర్వాత 11 కె.వి. లైనునే చేలదాకా తెచ్చి, 16, 25 కె.వి.ఏ. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం మొదలైంది. ముగ్గురు నలుగురికి ఒకటైతే, ఎవరి మోటారు ఎంత లాగుతోందో పక్కవాడికి తెలుస్తుంది. ఉమ్మడి వస్తువు మీద కాపలా మళ్ళీ మొదలవుతుంది.

అయినా ఒక లోటు మిగిలే ఉంది. రిలే, ఫ్యూజు, ఆటో, అన్నీ మోటారు కోసమో పైరు కోసమో పెట్టినవి. తడికాళ్ళతో పెట్టె ముట్టుకునే మనిషి కోసం ఉన్నది ఎర్త్ తీగ ఒక్కటే. చాలా పెట్టెలకి అది ఉండదు, ఉన్నా పనిచేయదు. ఎండిన నేల కరెంటుని సరిగ్గా తీసుకోదు. బొగ్గూ ఉప్పూ వేసిన గుంతలో అప్పుడప్పుడూ నీళ్ళు పోస్తుండాలి. మే నెలలో, గుక్కెడు నీళ్ళకి బోరు ఆగి ఆగి పోస్తున్న చేలో, ఆ బిందెడు నీళ్ళు గుంతలో పోయడం ఎవరికి గుర్తుంటుంది?