మనం లేనప్పుడు మన మాట ఎవరి దగ్గర ఉంటది? – ఇంట్లో పెట్టుకున్న ఒక చాట్ రిలే కథ

 

పోస్ట్ పెద్దది. హాస్టల్లో తీరిక దొరికినప్పుడు చదవండి.

పోయిన ఎండాకాలం మనకు జరిగిన నష్టం పాత సభ్యులందరికీ గుర్తే ఉంటది. ఊళ్లల్ల పెద్దల దగ్గర కూర్చుని రాసుకున్న గోండి మాటలు, గోత్రాల వరుసలు, పండుగ పాటల పేర్లు, అన్నీ రెండేండ్ల నుంచి ఒకే చాట్‌లో వేసుకుంటూ వచ్చాం. ఆ చాట్ చూసుకునే అన్న ఫోన్ వాగు దాటుతుంటే నీళ్లల్ల పడ్డది. బ్యాకప్ లేదు. మిగతావాళ్ల ఫోన్లలో దొరికిన ముక్కలన్నీ కలిపితే సగం కూడా కాలేదు. మాటలు చెప్పిన అవ్వల్లో ఒకామె ఈలోపే కాలం చేసింది. ఆమెను మళ్లీ అడగలేం గదా.

అప్పటి నుంచి మాలో నలుగురం ఒక పాత డెస్క్‌టాప్ పట్టుకుని కూర్చున్నాం. దానిలో లైనక్స్ వేసి, ఇంట్లనే సర్వర్ చేసి, చాట్ రిలే ప్రాక్సీ ఒకటి నడుపుతున్నాం. దీన్ని బౌన్సర్ అంటరు. ఎట్ల పెట్టారో చెప్పండి అని చాలామంది అడిగారు. చెబుతాం, కానీ ముందు దాని పుట్టుక చెప్పనివ్వండి. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎట్ల పెట్టాలో సగం తెలిసినట్టే.

1985లో అమెరికాలో జెఫ్ కెల్ అనే ఆయన బిట్‌నెట్ అనే యూనివర్సిటీల నెట్‌వర్క్ మీద ‘రిలే’ అనే చాట్ ప్రోగ్రాం రాశాడు. ఒక యూనివర్సిటీ కంప్యూటర్‌కు వచ్చిన మాటను అది పక్క యూనివర్సిటీకి, అక్కడి నుంచి ఆ పక్కదానికి అందిస్తూ పోతది. మన దగ్గర ఒక ఊరి కబురు ఇంకో ఊరికి మనిషి నోటి మీద పోయినట్టే. ఆ ఆలోచనే 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీకి చేరింది. అక్కడ జార్కో ఒయికారినెన్ అనే కుర్రాడు ఎండాకాలం పనికి చేరి సర్వర్ చూసుకునేవాడు. అక్కడి బులెటిన్ బోర్డులో ఉన్న పాత చాట్ సరిగా పనిచేయకపోతే, దాని స్థానంలో కొత్తది రాశాడు. దాని పేరే ఇంటర్నెట్ రిలే చాట్, పొట్టిగా ఐఆర్‌సీ. ఏడాది తిరిగేసరికి ప్రపంచంలో దాదాపు 40 సర్వర్లయినయి.

ఇక్కడ ఒక మాట. ఆ ఔలు ఫిన్లాండ్ ఉత్తరం వైపు ఉంటది. దానికి ఇంకా పైన సామీ ఆదివాసుల నేల. ఆ దేశంలో సామీ భాషకు ఆఫీసుల్లో హక్కు ఇచ్చే చట్టం 1991లో వచ్చింది. అదే 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టాడు. ఆయనది కూడా ఆ దేశంలో తక్కువమంది మాట్లాడే స్వీడిష్ భాష ఇల్లు. ఇది చదివినప్పుడు మాకు కొంచెం సంతోషమైంది, దాచుకోవడం ఎందుకు.

ఐఆర్‌సీ గొప్పదనం 1991లోనే బయటపడ్డది. గల్ఫ్ యుద్ధం నడుస్తుంటే జనం దానిలో వార్తలు పంచుకున్నారు. అదే ఏడు ఆగస్టులో సోవియట్ యూనియన్‌లో గోర్బచోవ్‌ను దించేయడానికి కుట్ర జరిగి, పత్రికలు, టీవీల నోరు నొక్కితే, మాస్కో సంగతులు దీనిలోకి వచ్చినయి. అప్పటి చాట్‌లు కొన్ని ఈనాటికీ చదువుకోవచ్చు. ఎవరో కూర్చుని వాటిని ఫైల్‌గా దాచబట్టే ఉన్నయి, ఐఆర్‌సీ తనంతట తాను ఏదీ దాచదు. మాట వచ్చింది, ఉన్నవాళ్లకు చేరింది, అయిపోయింది. ఆ టైముకు లేనివాడికి ఏమీ రాదు.

అసలు ఇబ్బంది ఇదే. సర్వర్ మధ్యమధ్యల ‘పింగ్’ అని పిలుస్తది. మన కంప్యూటర్ ‘పాంగ్’ అని పలకాలి. పలకకపోతే పోయాడనుకుని తీసేస్తది. గుట్ట ఎక్కితేనే సిగ్నల్ వచ్చే మన ఊళ్లల్ల ఇది ఎన్నిసార్లు జరుగుతదో లెక్కపెట్టుకోండి. తొంభైల్లో వాళ్లది కూడా ఇంచుమించు ఇదే గతి. ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్, టైమును బట్టి బిల్లు, ఇంట్లో ఎవరన్నా ఫోన్ ఎత్తితే లైన్ కట్.

కట్ అయితే పోయేది మాటలు ఒక్కటే కాదు, పేరు కూడా పోయేది. ఆనాటి పెద్ద నెట్‌వర్క్ ఈఎఫ్‌నెట్‌లో పేరు రిజిస్టర్ చేసుకునే పద్ధతి లేదు. నువ్వు బయటికి పోగానే నీ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. చానల్‌లో పెద్దరికం ఉన్నవాళ్లు ఒక్కరు కూడా లైన్‌లో లేకపోతే ఆ చానల్ దిక్కులేనిదే. అది చాలదన్నట్టు, రెండు సర్వర్ల మధ్య తీగ తెగితే నెట్‌వర్క్ రెండు ముక్కలయ్యేది. దీన్ని నెట్‌స్ప్లిట్ అనేవారు. ఒక ముక్కలో ఖాళీగా ఉన్న చానల్‌లోకి దూరి పెద్దరికం తీసుకుని, ముక్కలు మళ్లీ కలిసినప్పుడు అసలు వాళ్లను బయటికి తోసినవాళ్లు చాలామంది. పోడు భూమిలో ఒక కారు వదిలేసి వచ్చేసరికి వేరేవాళ్లు హద్దులు పాతిన సంగతి మనకు కొత్తదా?

దీనికి మందు ఏమిటి అన్నదాని మీద పెద్ద గొడవైంది. అమెరికా వైపు వాళ్లు ప్రతి చానల్‌కూ పుట్టిన టైము రాసిపెడదాం, కలిసినప్పుడు పాతదే గెలుస్తది అన్నారు. యూరప్ వైపు ఎక్కువమంది, నెట్ తెగినప్పుడు ఆ పేరును కొంతసేపు ఎవరికీ ఇవ్వకుండా తాళం వేద్దాం అన్నారు. ఇంకా వేరే తగాదాలూ ఉన్నయి. 1996 జులైలో నెట్‌వర్కే రెండుగా చీలింది. యూరప్ వాళ్లది ఐఆర్‌సీనెట్ అయింది. మా లెక్కలో రెండు పద్ధతులూ తప్పు కాదు, కూర్చుని మాట్లాడుకునే ఓపికే వాళ్లకు లేకపోయింది.

నెట్‌వర్క్‌లు కొట్లాడుకుంటుంటే మామూలు జనం తమ దారి తాము చూసుకున్నారు. కరెంటు పోని, లైన్ తెగని యూనివర్సిటీ కంప్యూటర్‌లోనో, అద్దె సర్వర్‌లోనో చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టేవారు. అది రాత్రింబవళ్లు చానల్‌లో నీ పేరు మీద కూర్చుంటది. సర్వర్ పింగ్ అంటే నీ బదులు పాంగ్ అంటది. నువ్వు వచ్చి దానికి కనెక్ట్ కాగానే, నువ్వు లేనప్పుడు జరిగిన ముచ్చట వరుసగా అప్పజెప్తది. అదే బౌన్సర్. సైబీఎన్‌సీ, డిర్క్‌ప్రాక్సీ, బిప్, ఇట్ల చాలా వచ్చినయి. మేం వాడుతున్న జెడ్‌ఎన్‌సీ 2004లో మొదలైంది, నేటికీ నడుస్తున్నది.

ఇది చదువుతుంటే మాకు గుర్తొచ్చింది మన పర్ధాన్. కీక్రి పట్టుకుని తన దాత ఇండ్లకు వచ్చి, ఆ గోత్రం పుట్టుక నుంచి కథంతా వరుసగా పాడేవాడు. పట్నం పోయి వచ్చినవాడైనా, వేరే ఊరికి కోడలుగా పోయినామె అయినా, వచ్చి కూర్చుంటే తాను లేనప్పటి కథ దొరికేది. ఇప్పుడు ఎన్ని ఊళ్లల్ల ఆ పాట వినబడుతున్నదో మీరే చూసుకోండి. ఇంకో సంగతి. హైమెండార్ఫ్ 1940ల్లో మార్లవాయిలో ఉండి తీసిన ఫొటోలు, రాసుకున్న కాగితాలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నయి. ఆయన మనకు మేలే చేశాడు, కాదనం. కానీ మన తాతల మొఖాలు చూడాలంటే లండన్ వైపు చూడాలి. దాచినవాడి ఇంట్లనే ఉంటది ఏదైనా.

ఐఆర్‌సీలో కూడా ఇది రుజువైంది. ఫ్రీనోడ్ అనే నెట్‌వర్క్‌లో ఇరవై ఏండ్లుగా లైనక్స్, వికీపీడియా లాంటి ఎన్నో సంఘాల చానళ్లు ఉండేవి. 2021 మే నెలలో యాజమాన్యం గొడవ వచ్చి, అక్కడ ఉచితంగా పనిచేసేవాళ్లు చాలామంది రాజీనామా చేసి లిబెరా చాట్ పెట్టుకున్నారు. తర్వాతి నెలలో ఫ్రీనోడ్ పాత రిజిస్ట్రేషన్లన్నీ తీసేసి కొత్తగా మొదలుపెట్టింది. అన్నేండ్ల పేర్లు, చానళ్లు ఒక్క పూటలో పోయినయి. ఎవరి బౌన్సర్‌లో లాగులు ఉన్నయో వాళ్ల ముచ్చట మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఇగ మన పెట్టె సంగతి. సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్, దానిలో డెబియన్. జెడ్‌ఎన్‌సీ డెబియన్ ప్యాకేజీల్లోనే ఉన్నది, ఇన్‌స్టాల్ చేయడం ఒక్క లైను పని. దాన్ని రూట్‌గా నడపొద్దు, దానికంటూ వేరే యూజర్‌ను చేయండి. మొదటిసారి నడిపేటప్పుడు అది ప్రశ్నలు అడుగుతది: పోర్ట్ నంబర్ ఎంత, ఎస్‌ఎస్‌ఎల్ కావాలా, యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఏ నెట్‌వర్క్. పోర్ట్‌కు 6667 ఇవ్వకండి, కొన్ని బ్రౌజర్లు ఆ నంబర్‌ను తెరవవు, దాని వెబ్ పేజీ రాదు. ఎస్‌ఎస్‌ఎల్‌కు మాత్రం తప్పకుండా ఔను అనండి.

మేం దెబ్బ తిన్నది రెండు చోట్ల. మొదటిది కరెంటు. బౌన్సర్ దాచే మాటలు మామూలుగా మెమరీలో ఉంటయి, అది కూడా చానల్‌కు 50 లైన్లే. గాలివానకు కరెంటు పోయింది, దాచినవి కూడా పోయినయి. ఫోన్ వాగులో పడ్డదానికి, దీనికి తేడా ఏమున్నది అని మమ్మల్ని మేమే తిట్టుకున్నాం. అప్పుడు తెలిసింది, లాగ్ అనే మాడ్యూల్ ఆన్ చేస్తే ప్రతి మాట డిస్క్ మీద ఫైల్‌గా పడతది. ఇప్పుడు అది ఆన్‌లో ఉన్నది, బఫర్ 500కు పెంచాం, వారానికోసారి ఫైళ్లు రెండు పెన్‌డ్రైవ్‌లకు కాపీ చేస్తున్నాం. ఒకటి ఇంకో ఊళ్లో ఉంటది.

రెండోది, బయటి నుంచి కనెక్ట్ కావడం. రౌటర్‌లో పోర్ట్ తెరిచినా హాస్టల్ నుంచి తగల్లేదు. రెండు రోజులు కొట్టుకున్నాం. రౌటర్‌కు వచ్చిన అడ్రస్ చూస్తే 100.70తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రస్ వస్తే, కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ను చాలా ఇండ్లకు పంచుతున్నదని అర్థం. లోపల నువ్వెన్ని తలుపులు తెరిచినా బయటి గేటు వాళ్లది. చివరికి తలా కొంత వేసుకుని ఒక చిన్న అద్దె సర్వర్ తీసుకుని, ఇంటి పెట్టె నుంచి దానికి ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం వేశాం. మాటలు ఇంట్లనే ఉంటయి, అద్దె సర్వర్ దారి మాత్రమే ఇస్తది.

భాష దగ్గర ఒక చిక్కు ఉన్నది. 1993లో రాసిన ఐఆర్‌సీ నియమాల ప్రకారం ఒక్కో మెసేజ్ 512 బైట్లు దాటొద్దు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్. తెలుగులో అక్షరానికి, గుణింతానికి, ఒత్తుకు, అన్నిటికీ మూడేసి. ‘జై సేవా’ అంటే 19 బైట్లు, ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే 18. మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది గదా, దానికైతే అక్షరానికి నాలుగు బైట్లు. పేరు, చానల్ పోను ఒక మెసేజ్‌లో వంద చిల్లర అక్షరాలే పడతయి. అదే నియమాల్లో చూడండి, చదరపు బ్రాకెట్‌కు మీసాల బ్రాకెట్ చిన్న అక్షరం అని రాసి ఉంటది. ఫిన్నిష్, స్వీడిష్ కంప్యూటర్లలో ఆ గుర్తుల చోట వాళ్ల సొంత అక్షరాలు ఉండేవి మరి. తమ భాష అక్షరాలకు వాళ్లు ఆనాడే చోటు పెట్టుకున్నారు. మనం మాత్రం గోండి మాట, అర్థం, చెప్పినవాళ్ల ఊరు మూడు వేరువేరు మెసేజ్‌లుగా వేయాలని అనుకున్నాం. అట్ల వేస్తే తెగిపోదు.

ఇంకొకటి, దీన్ని దాచిపెట్టి చెప్పడం తప్పు. బౌన్సర్ ఎవరి ఇంట్ల ఉన్నదో వాళ్లు అన్ని మాటలూ చదవగలరు. ఎస్‌ఎస్‌ఎల్ దారిలో కాపాడుతది కానీ పెట్టెలో కాదు. ఇరాన్‌లో 2021లో, మళ్లీ 2022లో సిగ్నల్ యాప్‌ను ఆపినప్పుడు ప్రపంచమంతా జనం ఇండ్లల్ల పెట్టిన ప్రాక్సీలు వేరే రకం. వాటి గుండా పోయే మాటను నడిపేవాడు చదవలేడు, అవి ఏదీ దాచవు కూడా. మనది దాచే రకం. అందుకే పెర్సపేన్ పూజకు సంబంధించినవి, పెద్దలు బయట చెప్పొద్దన్నవి దీనిలో వేయొద్దు. ఏది వేయొచ్చో మేం నలుగురం తేల్చేది కాదని ఇద్దరు పటేళ్లను అడిగాం. పూజ మాటలు వద్దన్నారు, పంటలు, చుట్టరికాలు, చెట్ల పేర్లు వేసుకోండి అన్నారు. పాటల సంగతి దండారి అయినంక కూర్చుని చెప్తామన్నారు.

అకౌంట్ కావలసినవాళ్లు తమకు నచ్చిన నిక్ ఒకటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఎంచుకుని అడ్మిన్ అన్నకు చెప్పండి. పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టం, కలిసినప్పుడు చేతికి రాసిస్తాం. అవ్వ చెప్పిన మాటల్లో ఏవన్నా మీ పాత ఫోన్లలో, నోట్‌బుక్కుల్లో మిగిలి ఉంటే, ఒక్కటైనా సరే, ముందు అవి వేయండి. ఇప్పటిదాకా 112 తిరిగొచ్చినయి.