ఓడలు లేని సముద్రం

కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808-1810 మధ్య గీసిన 'సముద్రతీరాన సన్యాసి'లో ఒకే ఒక్క మనిషి మనకు వీపు తిప్పి నిలబడి ఉంటాడు. 171 సెంటీమీటర్ల వెడల్పున్న కాన్వాసులో అధికభాగం ఆకాశమే. కింద నల్లని నీటి పట్టీ, దాని కింద పాలిపోయిన ఇసుక దిబ్బ. ఏకాంతం ఇష్టపడే కళాకారుడి మనసులోంచి ఈ చిత్రం దానంతట అదే ఒలికి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కానీ పరారుణ కిరణాల పరీక్షలో ఆ నీటిమీద ఫ్రీడ్రిక్ ఓడలు కూడా గీశాడనీ, తరవాత వాటిని రంగుతో కప్పేశాడనీ తేలింది. అంటే ఈ ఒంటరితనం ఉన్నవాటిని తీసేస్తూ కట్టుకొచ్చినది. నా దృష్టిలో చిత్రం గొప్పతనమంతా ఆ తీసివేతలోనే ఉంది.

గీసింది చెరపని చిత్రకారుడెవరు, దీనికింత అర్థం అంటగట్టాలా అని అడగవచ్చు. ఇక్కడ చెరిపింది ఏమిటో చూడాలి. సముద్ర చిత్రమంటే ఓడలు, తుపాను, రేవు ఉండాలన్నది డచ్చి చిత్రకారుల కాలంనుంచి స్థిరపడిన అలవాటు. 1809లో డ్రెస్డెన్‌లోని ఫ్రీడ్రిక్ చిత్రశాలకు వెళ్లిన మారీ హెలెన్ ఫాన్ క్యూగెల్గెన్ ఒక పడవ లేదు, కనీసం సముద్ర రాక్షసి అయినా లేదని ఉత్తరంలో వాపోయింది. ఆమె మరో చిత్రకారుడి భార్య, చిత్రాలు ఎరిగిన మనిషి. ఆమెకే వెలితి అనిపించిందంటే ఫ్రీడ్రిక్ ఎంత పెద్ద ఆధారాన్ని చూపరి కాళ్లకింద నుంచి లాగేశాడో అర్థమవుతుంది. ఓడ ఉంటే మన చూపు దానితోపాటు ఎక్కడికో పోతుంది, కథ మొదలవుతుంది. అది లేకపోవడంతో సన్యాసి చూసేదాన్నే మనమూ చూడక తప్పదు.

ఇదంతా దుఃఖమే అనేవారి వాదన బలమైనది. 1787లో ఫ్రీడ్రిక్ తమ్ముడు నీటిలో మునిగి చనిపోయాడు. 1806లో ప్రష్యా నెపోలియన్ చేతిలో చితికిపోయింది. ఆ బరువు చిత్రంలో లేదని నేననను. అయితే కేవలం దుఃఖమే అయితే ముక్కలైన ఓడ ఇంకా బాగా చెప్పేది. అలాంటి ఓడను ఆయన తరవాత 'మంచు సముద్రం'లో గీశాడు కూడా. ఇక్కడ ఆ దారి పట్టలేదు. అందుకే కాబోలు, 1810లో బెర్లిన్ అకాడమీ ప్రదర్శనలో ఈ చిత్రాన్ని చూసినవారు తికమకపడ్డారు, రచయిత క్లైస్ట్ తన పత్రికలో దానిమీద వ్యాసం ప్రచురించాడు, ప్రష్యా రాజు మాత్రం జతగా ఉన్న 'ఓక్ వనంలో మఠం'తో సహా కొనేశాడు.