నీతి సిద్ధాంతాల త్రివిభజన: ఒక చారిత్రక పరిశీలన

నీతిశాస్త్ర పాఠ్యగ్రంథాలలో మూడు సిద్ధాంతాలు వరుసగా కనిపిస్తాయి: అరిస్టాటిల్ పేరిట సద్గుణ నీతి, కాంట్ పేరిట కర్తవ్యవాదం, బెంథామ్, మిల్‌ల పేరిట ఫలితవాదం. 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో నీతిశాస్త్రం ప్రత్యేక పత్రమైంది కనుక విశ్వవిద్యాలయాల వెలుపల కూడా ఈ పట్టికతో పనిపడుతున్నది. ఈ మూడూ ప్రాచీన కాలం నుంచి ఎదురెదురుగా నిలిచిన మతాలన్న భావన విద్యార్థికి సహజంగానే కలుగుతుంది. నిజానికి ఈ వర్గీకరణ 20వ శతాబ్దపు వివాదాలలో రూపుదిద్దుకున్నది. ఆ చరిత్రను విస్మరిస్తే మూలగ్రంథాలు లేవనెత్తిన ప్రశ్నలే మరుగున పడతాయి.

హెన్రీ సిడ్జ్‌విక్ 1874లో ప్రచురించిన ‘ది మెథడ్స్ ఆఫ్ ఎథిక్స్’లోనూ మూడు మార్గాలే ఉన్నాయి. అయితే అవి వేరు: స్వార్థవాదం, సహజజ్ఞానవాదం, ఉపయోగితావాదం. అందులో కాంట్‌కు గానీ అరిస్టాటిల్‌కు గానీ ప్రత్యేక మార్గం లేదు. సద్గుణాల చర్చ విస్తారంగానే ఉన్నా అది సహజజ్ఞానవాదంలో అంతర్భాగం. సిడ్జ్‌విక్‌ను వేధించిన సమస్య స్వీయశ్రేయస్సుకూ సర్వశ్రేయస్సుకూ మధ్య సంఘర్షణ. నేటి పట్టికలో ఆ సమస్యకు చోటే లేదు.

కర్తవ్యవాదం అని మనం అనువదించుకుంటున్న ‘డియాంటాలజీ’ అనే మాట కథ మరింత విచిత్రమైనది. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు కాంట్ కాదు, బెంథామ్. ఆయన మరణానంతరం 1834లో జాన్ బౌరింగ్ సంపాదకత్వంలో వెలువడిన గ్రంథానికి అదే పేరు. కర్తవ్యమూ స్వప్రయోజనమూ ఒకదానితో ఒకటి పొసగుతాయని నిరూపించడమే అందులోని ప్రయత్నం. ఈనాడు ఆ మాట బెంథామ్ ప్రత్యర్థులకు బిరుదైంది! ఫలాన్ని బట్టి కర్మను తూచే సిద్ధాంతాలకూ, కర్మ స్వరూపాన్ని బట్టే తూచే సిద్ధాంతాలకూ భేదం చూపడానికి దాన్ని నేటి అర్థంలో స్థిరపరచినవాడు సి.డి. బ్రాడ్, 1930లో వెలువడిన ‘ఫైవ్ టైప్స్ ఆఫ్ ఎథికల్ థియరీ’లో. ఆ గ్రంథంలోని అయిదుగురు స్పినోజా, బట్లర్, హ్యూమ్, కాంట్, సిడ్జ్‌విక్. అరిస్టాటిల్ అక్కడా లేడు.

ఇక ‘ఫలితవాదం’ అనే మాట నిందగానే పుట్టింది. హిరోషిమా, నాగసాకిలపై అణుబాంబులు వేయించిన ట్రూమన్‌కు 1956లో ఆక్స్‌ఫర్డ్ గౌరవ పట్టా ప్రతిపాదించినప్పుడు ఎలిజబెత్ ఆన్‌స్కోమ్ బహిరంగంగా వ్యతిరేకించింది. నిరపరాధులను చంపడాన్ని లక్ష్యసాధనకు మార్గంగా ఎంచుకోవడం హత్యేనని ఆమె వాదన. ఆమెకు తోడు నిలిచినవారు బహు కొద్దిమంది. అంతటి విద్వాంసులకు ఆ పట్టాలో దోషం ఎందుకు కనిపించలేదన్న ప్రశ్నకు, 1958 నాటి ‘మోడరన్ మోరల్ ఫిలాసఫీ’ వ్యాసం ఒక విధంగా సమాధానమని నా అభిప్రాయం. సిడ్జ్‌విక్ మొదలుకొని ఇంగ్లీషు నీతివేత్తల మధ్య భేదాలు పైపైవేనని, ఏ కార్యమైనా పరిస్థితిని బట్టి సమర్థనీయం కావచ్చునని వారందరూ అంగీకరిస్తారని ఆమె అభియోగం. ‘కాన్సిక్వెన్షియలిజం’ అనే మాటను ఆమె ఆ సందర్భంలోనే ప్రయోగించింది. మిల్ నాటి పాత ఉపయోగితావాదాన్ని దాని నుంచి వేరుచేసింది కూడా. నేటి పాఠ్యగ్రంథాలు ఆ మాట కింద మొదట రాసే పేర్లలో మిల్ ఒకటి.

డబ్ల్యు.డి. రాస్ విషయం ఇంకా గమనార్హం. 1930 నాటి ‘ది రైట్ అండ్ ది గుడ్’ కర్త అయిన ఆయనను నేడు కర్తవ్యవాదులలో ప్రముఖునిగా చదువుతున్నాం. మాట నిలుపుకోవడం, కృతజ్ఞత చూపడం వంటి కర్తవ్యాలు సంఘర్షించినప్పుడు ఏది బలమైనదో తూచుకోవాలని ఆయన మతం. తూకానికి అతీతమైన నిషేధమేదీ అందులో మిగలదు కనుక ఆయన వర్గమూ ఆన్‌స్కోమ్ దృష్టిలో ఫలితవాదుల జాబితాలోనిదే. ఆమె గీసిన గీత ఒకచోట, పాఠ్యగ్రంథం గీసిన గీత మరొకచోట.

‘నైతిక విధి’ అన్న భావననే పక్కన పెట్టమన్న ఆమె వ్యాసం, మెకింటైర్ ‘ఆఫ్టర్ వర్చూ’ (1981) వంటి గ్రంథాలతో కలిసి, చివరకు సద్గుణ నీతి అనే మూడవ గడికి ఆధారగ్రంథమైపోయింది. ఆ గడి వెలుపల నిలిపిన కాంట్ మాత్రం 1797లో ‘మెటాఫిజిక్స్ ఆఫ్ మోరల్స్’ రెండవ భాగాన్ని పూర్తిగా సద్గుణ సిద్ధాంతానికే కేటాయించాడు.