ఫార్ములా వన్: డ్రైవర్ల వైరాలు, టైటిల్ పోరు – చరిత్ర

ఫార్ములా వన్ కార్ల పందేల్లో డ్రైవర్లకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో మొదలైంది. ఏడాది పొడవునా జరిగే రేసుల్లో వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు వేస్తారు. చివరికి ఎక్కువ పాయింట్లున్న డ్రైవరే ఛాంపియన్. ఇద్దరు డ్రైవర్లు ఒకే జట్టుకు నడిపినా కిరీటం ఒక్కరికే. అందుకే ఈ ఆటలో పేరుపడ్డ వైరాలు కొన్ని ఒకే గరాజ్‌లో పుట్టాయి. గెలిచింది డ్రైవరా, కారా, పాయింట్ల పద్ధతా, అధికారుల తీర్పా అన్న వాదన అభిమానుల మధ్య ఇప్పటికీ తెగలేదు. చరిత్ర తిరగేస్తే నాలుగింటికీ సాక్ష్యాలు దొరుకుతాయి.

తొలి ఏడాది టైటిల్ పోరు ఆల్ఫా రోమియో జట్టులోనే సాగింది. నినో ఫరీనా 30 పాయింట్లతో గెలిచాడు, హువాన్ మాన్యుయెల్ ఫాంజియో 27తో ఆగిపోయాడు. ఆ తర్వాత ఫాంజియో ఐదుసార్లు ఛాంపియన్ అయ్యాడు. వాటిలో 1956 టైటిల్‌లో పీటర్ కాలిన్స్ ఔదార్యం కూడా ఉంది. మోంజాలో ఫాంజియో కారు చెడిపోయినప్పుడు, తనకూ టైటిల్ అవకాశం ఉన్న కాలిన్స్ కారు దిగి స్టీరింగ్ అతనికి అప్పగించాడు. 1958లో స్టిర్లింగ్ మాస్ దాదాపు ఇలాంటి పనే చేశాడు. పోర్చుగల్ రేసులో నిబంధన మీరాడని మైక్ హాథార్న్‌పై వేటు పడబోతే, అతని తప్పేమీ లేదని మాస్ స్వయంగా అధికారుల ముందు చెప్పాడు. హాథార్న్ పాయింట్లు నిలిచాయి. సీజన్ ముగిసేసరికి లెక్క 42–41, ఛాంపియన్ హాథార్న్. ఆ ఏడాది అతను గెలిచింది ఒకే రేసు, మాస్ నాలుగు గెలిచాడు. ఎన్నడూ ఛాంపియన్ కాలేకపోయిన మాస్‌ను అభిమానులు ఇప్పటికీ ఛాంపియన్ల వరసలోనే తలుచుకోవడం సబబే.

1960లలో ప్రధానంగా చెప్పుకోవలసింది 1964 సీజన్. గ్రాహం హిల్ మొత్తం 41 పాయింట్లు తెచ్చినా, మెరుగైన ఆరు ఫలితాలనే లెక్కించే నియమం వల్ల 39 మిగిలి, 40 పాయింట్ల జాన్ సర్టీస్ చేతిలో ఓడాడు.

1976లో నికీ లాడా, జేమ్స్ హంట్‌ల వైరం సినిమా కథను మించిపోయింది. దరిమిలా సినిమా కూడా అయింది. ఫెరారీ డ్రైవర్ నికీ లాడా ఆగస్టు 1న నూర్‌బర్గ్‌రింగ్‌లో మంటల్లో చిక్కుకున్నాడు. ముఖం కాలింది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆరు వారాలకే, పచ్చి గాయాలపై కట్లతో మోంజాలో కారెక్కి నాలుగో స్థానంలో వచ్చాడు. చివరి రేసు జపాన్‌లోని ఫుజీలో, కుండపోతలో జరిగింది. రెండు ల్యాపులు తిరిగి లాడా కారు ఆపేశాడు. ప్రాణం కన్నా టైటిల్ ఎక్కువ కాదనుకున్నాడు. మూడో స్థానంతో జేమ్స్ హంట్ 69–68 తేడాతో గెలిచాడు. ట్రాక్ బయట వాళ్లిద్దరూ మంచి స్నేహితులు. ఎనిమిదేళ్ల తర్వాత అదే లాడా, మెక్‌లారెన్ సహచరుడు అలాన్ ప్రోస్ట్‌ను అర పాయింటుతో ఓడించాడు. మొనాకోలో వానవల్ల రేసు మధ్యలో ఆగి, గెలిచిన ప్రోస్ట్‌కు సగం పాయింట్లే రావడమే ఆ అర పాయింటుకు మూలం. ఆ రోజు ప్రోస్ట్‌ను తరుముకొచ్చి రెండో స్థానంలో నిలిచిన కుర్రాడి పేరు ఐర్టన్ సెన్నా.

1988లో మెక్‌లారెన్ యాజమాన్యం ప్రోస్ట్, సెన్నాలను ఒకే ఒరలో పెట్టింది. హోండా ఇంజిన్‌తో నడిచిన ఎంపీ4/4 కారు ఆ సీజన్‌లో 16 రేసుల్లో 15 గెలిచింది. కనుక పోటీ అంతా ఇంట్లోనే. ‘ప్రొఫెసర్’గా పేరున్న ఫ్రెంచివాడు ప్రోస్ట్ టైర్లనూ ఇంధనాన్నీ పొదుపుగా వాడుతూ లెక్క ప్రకారం నడిపేవాడు. బ్రెజిల్ వాడు సెన్నాది దూకుడు. మొనాకో క్వాలిఫయింగ్‌లో ఒకే కారుతో ప్రోస్ట్ కన్నా 1.4 సెకన్లు ముందున్నాడు. ఈ ఆటలో అది కొండంత తేడా. అయితే రేసులో సునాయాసంగా ముందుండి కూడా, ఏమరుపాటున పోర్టియే మలుపులో రెయిలింగ్‌కు గుద్దుకున్నాడు; గెలుపు ప్రోస్ట్‌కు దక్కింది. సుజుకాలో టైటిల్ తేలే రోజు సెన్నా ఇంజిన్ స్టార్ట్ దగ్గరే ఆగిపోయింది. అక్కడి ట్రాక్ పల్లంగా ఉండడంతో కారు దొర్లి మళ్లీ అందుకుంది. పద్నాలుగో స్థానానికి జారినవాడు ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి ప్రోస్ట్‌నూ దాటి గెలిచాడు. ఆ ఏడాది ప్రోస్ట్ తెచ్చిన మొత్తం పాయింట్లు 105, సెన్నావి 94. మెరుగైన 11 ఫలితాలే లెక్క గనుక సెన్నా 90–87తో ఛాంపియన్. ప్రోస్ట్ అభిమానులు ఈ 105ను నేటికీ మరిచిపోలేదు. ఎనిమిది గెలిచినవాడే ఏడు గెలిచినవాడికన్నా మిన్న అని సెన్నా పక్షంవారి జవాబు.

మరుసటి ఏడాది ఇమోలాలో పగ బాహాటమైంది. మొదటి మలుపులో ఒకరినొకరు దాటకూడదని ముందే అనుకున్నారు. రేసు మధ్యలో ఆగి మళ్లీ మొదలైనప్పుడు (రీస్టార్ట్‌లో) సెన్నా దాటేశాడు. మాట తప్పాడని ప్రోస్ట్, ఒప్పందం రీస్టార్ట్‌కు వర్తించదని సెన్నా. మాటలు బంద్ అయ్యాయి. అక్టోబర్ 22న మళ్లీ సుజుకా. ఇంకొన్ని ల్యాపులే మిగిలాయనగా పిట్స్ ముందున్న షికేన్‌లో (వేగం తగ్గించే మెలిక మలుపులో) సెన్నా లోపలివైపు దూరాడు, ప్రోస్ట్ దారివ్వలేదు. చక్రాలు పెనవేసుకుని రెండు కార్లూ ఆగిపోయాయి. ప్రోస్ట్ బెల్టు విప్పి దిగిపోయాడు. సెన్నా మార్షల్స్‌కు చేయి ఊపి కారు తోయించుకున్నాడు, కారు విరిగిన ముందుభాగం మార్పించుకుని, అలెస్సాండ్రో నన్నీనిని దాటి మొదట గీత చేరాడు. షికేన్‌ను తప్పించి తిరిగొచ్చాడంటూ అతణ్ణి అనర్హుణ్ణి చేశారు. టైటిల్ ప్రోస్ట్‌ది. అప్పీలుకు వెళ్తే లక్ష డాలర్ల జరిమానా పడింది. అప్పటి పాలక సంస్థ అధ్యక్షుడు బాలెస్ట్ర్ తన దేశీయుడి పక్షం వహించాడని సెన్నా అభిమానులు నమ్మారు.

1990లో ప్రోస్ట్ ఫెరారీకి మారాడు. సుజుకాలో పోల్ (అందరికన్నా ముందు మొదలయ్యే) స్థానం పట్టు లేని మురికి వైపు ఉందని, దాన్ని మార్చమని సెన్నా కోరాడు, చెల్లలేదు. రేసు మొదలవగానే ప్రోస్ట్ ముందుకు దూకాడు, మొదటి మలుపులో సెన్నా బ్రేకు వేయకుండా అతని కారులోకి దూసుకుపోయాడు. ఇద్దరూ ఇసుకలో, సెన్నా ఛాంపియన్. కావాలనే చేశానని ఏడాది తర్వాత తానే ఒప్పుకున్నాడు. అసాధారణ ప్రతిభకు అది మచ్చ అని చెప్పక తప్పదు. 1993 చివరి రేసులో అడిలైడ్ వేదికపై, రిటైరవుతున్న ప్రోస్ట్‌ను సెన్నా పై మెట్టుకు లాక్కున్నాడు. 1994 మే 1న ఇమోలా ప్రమాదంలో సెన్నా మరణించాడు. పాడె మోసినవారిలో ప్రోస్ట్ ఉన్నాడు.

అదే 1994 సీజన్ చివర మైకేల్ షూమాకర్, డేమన్ హిల్ కార్లు ఢీకొని టైటిల్ షూమాకర్‌కు దక్కింది. 1997లో హెరెజ్‌లో జాక్ విల్‌నెవ్ కారును ఢీకొన్నందుకు షూమాకర్‌ను ఆ ఏడాది పట్టిక నుంచే తీసేశారు. 2000–2004 మధ్య షూమాకర్ వరుసగా ఐదు గెలిచాడు.

2008 ఇంటర్‌లాగోస్‌లో, సొంత జనం ముందు, ఫిలిపె మాసా గెలిచి గీత దాటాడు. ఫెరారీ గరాజ్‌లో అతని కుటుంబం గెంతులేసింది. అప్పటికి లూయిస్ హామిల్టన్ ఇంకా ట్రాక్‌పైనే, ఆరో స్థానంలో ఉన్నాడు, టైటిల్‌కు ఐదో స్థానం కావాలి. వానలో పొడి ట్రాక్ టైర్లతో జారుతున్న టిమో గ్లాక్‌ను చివరి మలుపుల్లో దాటేశాడు. 98–97తో టైటిల్ హామిల్టన్‌ది. మాసాకు నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. ఆ ఏటి సింగపూర్ రేసులో రెనో జట్టు కావాలని ప్రమాదం చేయించిందని తర్వాత బయటపడడంతో, దానివల్లే టైటిల్ పోయిందంటూ మాసా 2024లో లండన్ కోర్టుకెక్కాడు.

2021 డిసెంబర్ 12న అబూధాబీకి హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ చెరో 369.5 పాయింట్లతో వచ్చారు. నికొలస్ లతీఫీ ప్రమాదంతో సేఫ్టీ కారు వచ్చింది. రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ ఇద్దరి నడుమ ఉన్న ఐదు కార్లను మాత్రమే ముందుకు పంపి, ఒక్క ల్యాపు రేసు జరిపించాడు. కొత్త టైర్లున్న వెర్‌స్టాపెన్ గెలిచాడు. వివాదం రేగినా ఫలితం మారలేదు, మాసీని పదవి నుంచి తప్పించారు. 2025లో లాండో నోరిస్ 423–421తో వెర్‌స్టాపెన్‌ను ఓడించాడు.

ఇక మన దేశం సంగతికొస్తే, భారత్‌లో ఫార్ములా వన్ 2011–13లో గ్రేటర్ నోయిడాలో జరిగింది. సెబాస్టియన్ వెట్టెల్ నాలుగో టైటిల్ ఖాయమైంది 2013లో అక్కడే. తెలుగు నేలకు వచ్చింది ఫార్ములా వన్ కాదు, విద్యుత్ కార్ల ఫార్ములా ఇ: 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున. బ్యాటరీ అడుగంటుతుండగా, వెనకే అంటిపెట్టుకున్న నిక్ కాసిడీని చివరి ల్యాపు దాకా అడ్డుకుని జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 రేసు రద్దయింది.