పుచ్చిన దుంగ మీద పసుపు ముద్ద

మొన్న వాన వెలిశాక ఎపింగ్ అడవిలో నడుస్తుంటే, పుచ్చిన దుంగ మీద పసుపు ముద్ద కనిపించింది. ఎవరో ముద్దపప్పు ఒలకబోశారనుకున్నా. ఇంటికొచ్చి వెతికితే స్లైమ్ మోల్డ్ అని తేలింది. మన మాటల్లో జిగురు బూజు అనొచ్చు. నిజానికి అది బూజూ కాదు, మొక్కా కాదు, జంతువూ కాదు. లెక్కలేనన్ని కేంద్రకాలున్న ఒకే కణం. తడి చెక్క మీద మెల్లగా పాకుతూ బాక్టీరియాని తింటుంది.

ఇదే అడవి పక్కన, లేటన్‌స్టోన్‌లో ఉండేవారు ఆర్థర్ లిస్టర్, ఆయన కూతురు గులీల్మా. ఈ జీవుల మీద ఆర్థర్ రాసిన పుస్తకం 1894లో వచ్చింది. వాళ్ళకి జపాన్ నుంచి నమూనాలు పంపినాయన మినకాత కుమగుసు (1867–1941). డిగ్రీ లేదు. 1892లో లండన్ వచ్చి బ్రిటిష్ మ్యూజియంలో ఏళ్ళ తరబడి చదువుకున్నాడు. అక్కడ ఒకణ్ణి కొట్టి గెంటించుకున్నాడు కూడా! 1900లో జపాన్ తిరిగి వెళ్ళి, కుమానో అడవుల్లో దుంగలు వెతకడం మొదలుపెట్టాడు.

1906లో జపాన్ ప్రభుత్వం ఊళ్ళలోని చిన్న గుళ్ళను కలిపేయమంది. కొన్నేళ్ళలో దాదాపు 70 వేల గుళ్ళు పోయాయి. గుడితో పాటు దాని వనమూ పోయేది. చెట్లు కొట్టి అమ్మేవారు. కుమగుసు పత్రికల్లో రాశాడు, అధికారులకు ఉత్తరాలు రాశాడు. 1910లో తాగి ఒక సభలోకి దూసుకెళ్ళి, 18 రోజులు జైల్లో ఉన్నాడు. అక్కడా ఒక జిగురు బూజు దొరికిందట! 1911లో గవర్నరుకు రాసిన ఉత్తరంలో ‘ఎకాలజీ’ అన్న మాట వాడాడు. చెట్టు, నాచు, పురుగు, బూజు ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతాయని, వనం కొట్టేస్తే అన్నీ పోతాయని ఆయన వాదన. ఆ విధానం 1920లో ఆగింది. అప్పటికే చాలా వనాలు లేవు.

1917లో తన పెరట్లోని పెర్సిమన్ చెట్టు మీద ఆయనకి కొత్త రకం ఒకటి దొరికింది. 1921లో గులీల్మా దానికి ఆయన పేరు మీదే మినకాటెల్లా అని పేరు పెట్టింది. 1929లో చక్రవర్తి హిరోహితోకి 110 నమూనాలు కానుకగా ఇచ్చాడు. వాటిని పెట్టింది ఖాళీ క్యారమెల్ డబ్బాల్లో!

మా ఊళ్ళో పోలేరమ్మ గుడి వెనక చింతతోపు ఉండేది. గుడి పెద్దదయింది, తోపు పోయింది. ఆ తోపులో పుచ్చిన దుంగల మీద ఏముండేదో, ఒక్కసారైనా మేమెవరం వంగి చూడలేదు.