సంఘం కంప్యూటరుకు ర్యామ్ పెంచేటప్పుడు చూసుకోవలసినవి

ఆఫీసు గదిలోని పాత డెస్క్‌టాప్‌కు కొత్త ర్యామ్ వేసిన రోజున మా హోసూరు సంఘం వాళ్లకు గుండె ఆగినంత పనైంది. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, పెట్టెలోంచి బీప్ బీప్ అని మోత వచ్చింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. సభ్యుల రిజిస్టరు, పాత వార్షిక సంచికలు, ఇక్కడి బడుల్లో తెలుగు చదివే పిల్లల పట్టిక, అన్నీ అందులోనే ఉన్నాయి. తెలుగు టీచరు పోస్టు కోసం అర్జీ పెట్టాలంటే ఆ పట్టికే ఆధారం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణంలో ఉంది. అయితే పిల్లలు ఎందరున్నారో లెక్క చూపవలసింది మనమే కదా!

ఇటువంటి పాత కంప్యూటర్లు మన సంఘాలన్నింటిలోనూ ఉంటాయి కాబట్టి, మేము నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాము.

ముందుగా ఒక ధైర్యం

ర్యామ్ అంటే గుమాస్తా బల్ల, హార్డ్ డిస్క్ అంటే బీరువా. బల్ల విరిగినంత మాత్రాన బీరువాలోని ఫైళ్లు పోవు. తెర వెలగకపోతే మన కాగితాలు పోయినట్టు కాదు. అయితే ర్యామ్ సగం పాడై, కంప్యూటరు ఎలాగో నడుస్తున్నప్పుడే అసలు ప్రమాదం. అప్పుడు సేవ్ చేసిన ఫైలు చెడిపోవచ్చు. అందుకే పెట్టె విప్పే ముందే ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.

కొనే ముందు

మదర్‌బోర్డు పేరు, అది ఏ రకం ర్యామ్ తీసుకుంటుందో, గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో కాగితం మీద రాసుకోవాలి. డీడీఆర్3 డెస్క్‌టాప్ ర్యామ్‌కు 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్4కు 288 పిన్నులు, 1.2 వోల్టులు. వీటి గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్లాటులో మరొకటి కూర్చోదు. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అది డెస్క్‌టాప్‌కు పనికిరాదు.

మా బోర్డు జీ41 రకం. రెండు స్లాట్లు, గరిష్ఠం 8 జీబీ. ఇంత తెలుసుకుని బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్లి 4 జీబీవి రెండు తెచ్చాము. అక్కడే పొరపడ్డాము. ఈ పాత బోర్డులు 4 జీబీ ర్యామ్ మీద రెండు వైపులా కలిపి 16 చిప్పులు ఉంటేనే గుర్తిస్తాయి. మేము తెచ్చినవాటిపై ఎనిమిదే ఉన్నాయి. ర్యామ్‌లో లోపం లేదు, బోర్డుకు దాన్ని చదవడం రాదు. అడగకుండా కొన్నది మేమే. బిల్లు దాచి ఉంచాము కనుక మార్చి ఇచ్చారు.

తెర వెలగకపోతే

1. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. ర్యామ్ ముట్టుకునే ముందు పెట్టె ఇనుప భాగాన్ని చేత్తో తాకండి.

2. ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి. గాటు సరిచూసి, రెండు చివరలా సమంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని పడాలి. చాలాసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది.

3. స్లాటులో దుమ్ము ఉంటే మెత్తని బ్రష్‌తో దులపండి. బంగారు రంగు పిన్నులు నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో తేలికగా రుద్ది, పొడి తుడిచేయండి.

4. కొత్తవి తీసి పాతది ఒక్కటే పెట్టి చూడండి. వెలిగితే బోర్డు బాగున్నట్టే.

5. తరువాత కొత్తవాటిని ఒక్కొక్కటిగా, ఒకే స్లాటులో పెట్టి చూడండి. ఒకటి వెలిగి రెండోది వెలగకపోతే ఆ రెండోదే అనుమానం. ఒకే ర్యామ్ ఒక స్లాటులో పనిచేసి ఇంకో స్లాటులో చేయకపోతే తప్పు స్లాటుది.

6. బీప్‌ల లెక్క రాసుకోండి. వాటి అర్థం బోర్డును బట్టి మారుతుంది, బోర్డు పుస్తకంలో చూసుకోవాలి.

వెలిగింది గానీ లెక్క తక్కువ చూపితే

16 చిప్పులవి వేశాక మా తెర వెలిగింది. కానీ విండోస్ 8 జీబీ ఉందని చెబుతూనే, వాడుకోదగినది మూడు జీబీ పైచిలుకేనంది. కారణం, మాది 32-బిట్ విండోస్. మామూలు 32-బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు, అందులోనూ కొంత ఇతర భాగాలకు పోతుంది. అంతా వాడుకోవాలంటే 64-బిట్ విండోస్ కొత్తగా ఎక్కించాలి.

ఇక్కడ మన తెలుగువాళ్లు ఒకటి ఆలోచించాలి. మా పాత సంచికలు యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో చేసినవి. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేరు లేకపోతే అక్షరాలు పిచ్చిగీతలుగా కనిపిస్తాయి. 16-బిట్ ప్రోగ్రాములు 64-బిట్ విండోస్‌లో నడవనే నడవవు. అందుకే సంచికలన్నీ యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్‌లు చేసుకునే దాకా 32-బిట్ మార్చరాదని కార్యవర్గంలో నిర్ణయించాము. ఈ సంగతి ముందే ఆలోచించి ఉంటే ఒక 4 జీబీతోనే సరిపెట్టేవాళ్లం. రెండో దాని డబ్బు మిగిలేది.

వెలిగాక తరచూ ఆగిపోతుంటే

నీలం తెర రావడం, దానంతటదే రీస్టార్ట్ కావడం జరిగితే విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ నడపండి. ఇంకా గట్టి పరీక్షకు మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపవచ్చు. ఒక్క తప్పు చూపినా ర్యామ్‌లను విడివిడిగా పరీక్షించాలి. అది తేలేదాకా ఆ కంప్యూటరులో రిజిస్టరు తెరవకండి. వేర్వేరు వేగాల ర్యామ్‌లు కలిపితే మామూలుగా తక్కువ వేగానికే రెండూ నడుస్తాయి, కొన్నిసార్లు పొత్తు కుదరదు. వీలైతే ఒకే రకం జత కొనండి.

చివరగా, బోర్డు పేరు, ర్యామ్ రకం, చిప్పుల సంఖ్య, వేసిన తేదీ ఒక అట్టముక్క మీద రాసి మా పెట్టె పక్కన అంటించాము. పాత 2 జీబీని కవరులో పెట్టి, పైన పేరు రాసి బీరువాలో ఉంచాము. రేపు మా తరువాత కార్యదర్శిగా వచ్చేవారు తడుముకోనక్కరలేదు.